పిల్లి తోక చెప్పే సంగతులు

ఈ సావనీరులో కవితలుంటాయి, కథలుంటాయి, దేశం ఎటు పోతోందని నిలదీసే వ్యాసాలుంటాయి. వాటి మధ్య పిల్లి తోక గురించి నాలుగు పేజీలు రాస్తానంటే మా గదిలో వాళ్లు పగలబడి నవ్వారు. "జువాలజీ వాళ్లకి ఇంతకన్నా ఏం తోస్తుందే!" అని ఒకావిడ దెప్పింది కూడా. నవ్వితే నవ్వనీ. మన హాస్టల్ మెస్ గుమ్మంలో రోజూ రెండు పూటలా ఒక పిల్లి కూర్చుంటుంది. దాన్ని "హుష్" అనడం తప్ప అది ఏమంటున్నదో ఆలోచించిన వాళ్లు మనలో ఎంతమంది? అందుకని ఈ నాలుగు మాటలు.

తెలుగువాళ్లకి పిల్లి కొత్త కాదు. సామెతల నిండా అదే. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్నాం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నాం. గదిలో వేసి కొడితే పిల్లి కూడా పులి అవుతుందన్నాం. కళ్లు మూసుకుని పాలు తాగుతూ తన్నెవరూ చూడలేదనుకుంటుందన్నాం. పిసినారిని చూసి, పిల్లికి కూడా బిచ్చం పెట్టడన్నాం. ఇన్ని అన్నామే, నాకు తెలిసినంతలో దాని తోక ఊసు ఒక్కదానిలోనూ లేదు. తోక సామెత ఉంటే అది కుక్కది, అదీ వంకర అని తిట్టడానికి. పిల్లి ఎదురొస్తే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. పరీక్షకు బయల్దేరిన వాళ్లు వెనక్కి వచ్చి గ్లాసెడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరడం నేను మన హాస్టల్లోనే చూశాను. పిల్లి మనకేం తెస్తుందో అడుగుతాం గాని, తనేం చెబుతుందో అడగం.

మాది పిడుగురాళ్ల. ఇప్పుడు పల్నాడు జిల్లా. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా. సున్నపు బట్టీల ఊరు. నేల కింద సున్నపురాయి, నేల మీద పత్తీ మిరపా. బట్టీల వైపు నడిస్తే చెట్ల ఆకులు కూడా వెల్ల వేసినట్టుంటాయి. ఊళ్లోంచి వెళ్లే పెద్ద రోడ్డు మీద లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు.

మా ఇంట్లో ఎవరూ పిల్లిని పెంచలేదు. ఆ మాటే మా నాయనమ్మ ఒప్పుకోదు. గేదెను పెంచుతాం, కోళ్లను పెంచుతాం. పిల్లి మాత్రం ఉంటుంది, అంతే. పత్తి తీసిన రోజుల్లో ధర వచ్చేదాకా ముందు గదిలో కుప్ప పోస్తాం. గింజ కోసం ఎలుకలొస్తాయి. ఎలుకల కోసం పిల్లి వస్తుంది. వచ్చింది పోదు. ఆ పత్తి కుప్పంత మెత్తటి పరుపు ఊళ్లో ఎవరింట్లోనూ లేదని దానికి తెలుసు. మిర్చి టిక్కీలున్న గదిలోకి మాత్రం తొంగి కూడా చూసేది కాదు. గడప దగ్గరే ఒక తుమ్ము తుమ్మి వెనక్కి తిరిగేది. బూడిదరంగు ఒళ్లు, తోక మీద నల్లటి కట్లు. పేరంటూ లేదు. నాయనమ్మ "ఏమే" అంటే వచ్చేది.

తోక చూడడం నాకు నేర్పింది నాయనమ్మే. ఆవిడకు సంతకం చేయడం మాత్రం వచ్చు, చదవడం రాదు. కానీ గేదె చెవినీ, కోడి మెడనీ, ఆకాశంలో మబ్బునీ చదివినట్టే పిల్లి తోకనీ చదివేది. "తోక నిలువునా లేపుకొని వస్తందా, ఇంటికొచ్చినట్టు. నేలబారుగా పెట్టుకొని పోతందా, పనికి పోయినట్టు. పనికి పొయ్యేదాన్ని పిలవమాకే" అనేది. ఒకసారి ఎవరిదో కుక్క మా దొడ్లోకొచ్చింది. పిల్లి వీపు విల్లులా వంచి తోకను పొంగించి నిలబడింది. "చూడు, పత్తి ఏకినట్టు ఎట్లా ఉబ్బించిందో! లోపల భయం, పైన బడాయి" అని నవ్వింది.

ఇక్కడికొచ్చి జంతు ప్రవర్తన పాఠం చదివేటప్పుడు నాయనమ్మ మాటలే మళ్లీ ఇంగ్లీషులో ఎదురయ్యాయి. చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావప్రకటన గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో పిల్లి బొమ్మలు కూడా వేయించాడు. దాడికి సిద్ధపడిన పిల్లి నేలకు కరుచుకుని తోకను అటూ ఇటూ కొడుతుంది. మచ్చికగా ఉన్న పిల్లి నిటారుగా నిలబడి తోకను పైకెత్తుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు భంగిమలని ఆయన చూపించాడు. కోపానికి ఒళ్లు ఎట్లా పెడుతుందో, ప్రేమకు దానికి తలకిందులుగా పెడుతుందన్నమాట.

అయితే తోక ఎత్తడం పిల్లికి ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడే నాకు కథ రుచిగా అనిపించింది. మన ఇళ్లలోని పిల్లులకు పూర్వీకురాలు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి అని జన్యు పరిశోధనలు తేల్చాయి. అది ఒంటరి జీవి. ఎదిగిన అడవిపిల్లులు ఒకదానికొకటి ఎదురైతే తోకలెత్తి పలకరించుకోవు. కానీ పిల్లి కూనలు తల్లి దగ్గరికి పోయేటప్పుడు తోకలెత్తుకొని పోతాయి. మనుషులు ధాన్యం నిలవ చెయ్యడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి, ఎలుకల వెంట పిల్లులు చేరాయి. మా పత్తి గది కథే, కాకపోతే వేల ఏళ్ల నాటిది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టారని 2004లో పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గాదెల చుట్టూ ఒకేచోట ఎన్నో పిల్లులు బతకాల్సి వచ్చేసరికి, "నేను కయ్యానికి రావడం లేదు" అని దూరం నుంచే చెప్పుకునే గుర్తు ఒకటి అవసరమైంది. కూనలు తల్లికి చూపే ఆ తోకే పెద్దల మధ్య పలకరింపుగా మారి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

ఊహేనా, రుజువేమైనా ఉందా అంటారా? 1990లలో ఇంగ్లండులో ఒక పరిశోధకురాలు నల్ల కాగితంతో పిల్లి ఆకారాలు కత్తిరించి, పిల్లులున్న ఇళ్లలో గోడలకు అంటించి చూసింది. తోక ఎత్తిన బొమ్మ కనబడితే ఇంటి పిల్లి తనూ తోక ఎత్తి దాని దగ్గరికి పోయేది. తోక దించిన బొమ్మ దగ్గరికి అంత సులువుగా పోయేది కాదు. మూతి, మీసం, వాసన ఏమీ లేని ఉత్త నీడ బొమ్మ! ఒక్క తోకతోనే మాట అందింది. రోమ్ నగరంలో వీధి పిల్లుల గుంపును గమనించి 2009లో ఇద్దరు ఇటలీ పరిశోధకురాళ్లు ఇంకో సంగతి చెప్పారు. గుంపులో కిందిస్థాయి పిల్లే పైస్థాయి పిల్లికి ఎక్కువగా తోక ఎత్తి చూపుతుందట. పెద్దలొస్తే మంచం మీదనుంచి లేవడం మనకున్నదే గదా! మొదటి సంవత్సరంలో సీనియర్లు కనబడితే మనం పుస్తకాలు గుండెకు హత్తుకుని నవ్వు మొహం పెట్టేవాళ్లమే, అట్లాంటిదే అనుకోండి.

ఇక మిగతా మాటలు. పిల్లి తోకలో 18 నుంచి 23 దాకా చిన్న చిన్న ఎముకలుంటాయి. అందుకే అన్ని వంపులు తిరుగుతుంది. నిలువుగా ఎత్తి కొసను కొక్కెంలా వంచితే మనసు కుదురుగా ఉండి స్నేహంగా వస్తున్నట్టు. ఎత్తిన తోక సన్నగా వణికితే ఇష్టమైన వాళ్లను చూసిన సంబరం. కాకపోతే గోడకు వెన్ను చూపి అట్లాగే వణికిస్తే అది తన వాసనతో సరిహద్దు రాయి పాతుతున్నట్టు, దూరం జరగండి. ఒంటికి దగ్గరగా, కాళ్ల కిందికి ముడుచుకుంటే బెదురు. వెంట్రుకలు లేచి తోక లావైతే భయమో, కోపమో, రెండూనో. ఆ వెంట్రుకలు లేపేది తోలు కింది చిన్న కండరాలు. మనకు ఒళ్లు గగుర్పొడిచినప్పుడు పనిచేసేవీ అవే. మనకు వెంట్రుకలు తక్కువ గనక బడాయి చెల్లదు.

అన్నిటికన్నా తెలుసుకోవలసింది తోక ఊపు. కుక్క తోక ఊపితే సంతోషమని చిన్నప్పుడే నేర్చుకుంటాం. ఆ చదువుతోనే పిల్లి దగ్గరికి పోతే గీరుడు ఖాయం. కూర్చున్న పిల్లి తోక కొస కదిలిస్తున్నదంటే దాని మనసు దేనిమీదో గట్టిగా ఉన్నట్టు. గోడ మీద పిచ్చుక ఉంటే ఆ పిచ్చుక మీద. మీ చెయ్యి దాని వీపు మీద ఉంటే మీ చెయ్యి మీద! కొస కదలిక తోకంతటికీ పాకి నేలకేసి కొట్టడం మొదలైతే "ఇక చాలు" అని అర్థం. ఆ పైన చెవులు వెనక్కి పోతాయి, ఆ పైన పంజా లేస్తుంది. ఒకే కదలికకు చోటును బట్టి అర్థం మారుతుంది కాబట్టి తోకను ఒంటిగా చదవకూడదు. చెవులు, కళ్లు, ఒళ్లు, ఎదురుగా ఏముందో, అన్నీ కలిపి చదవాలి.

ఇదంతా ఉత్త చదువుగా మిగిలిపోయేదే, మా బాబాయి కొడుకు లేకపోతే. వాడికి అప్పుడు నాలుగేళ్లు. సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి పోయిన రెండోరోజు, వాడు పత్తి కుప్ప పక్కన పిల్లిని ఒళ్లోకి లాక్కుని నిమురుతున్నాడట. నేను వసారాలో ఉన్నాను. వాడి కేక విని పోయేసరికి మోచేతి మీద మూడు గీతలు, రక్తం. ఇంట్లో ఒకరు పసుపు తెచ్చారు, ఒకరు సున్నం అన్నారు. నేను వాణ్ని పంపు కిందికి తీసుకుపోయి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోయి రేబిస్ టీకా వేయించాం, చెప్పిన తేదీల్లో వరసంతా పూర్తి చేయించాం. కుక్క కరిస్తేనే సూది అనుకుంటాం గాని పిల్లి కరిచినా గీరినా అశ్రద్ధ పనికిరాదు. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఆ సాయంత్రం వాకిట్లో పంచాయితీ. పిన్ని కన్నీళ్లు పెట్టుకున్నది. బాబాయి గోతం తెచ్చాడు. పిల్లిని గోతంలో వేసి, మూతి కట్టి, ఊరు దాటించి వదిలిపెట్టడం మావైపు ఉన్నదే. అట్లా వదిలిన పిల్లి ఏమవుతుందో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. బిడ్డ చెయ్యి చూసిన తల్లికి పిల్లి తరఫున వాదించడం ఎట్లా? నేను తోక గురించి మొదలుపెట్టబోతే నాన్న కళ్లతోనే ఆగమన్నారు.

అప్పుడు నాయనమ్మ పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, "ఒరే నాన్నా, అది గీరకముందు తోక ఏం చేసింది?" అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, అరచేత్తో నేలమీద టపటపా కొట్టి చూపించాడు. "ఎన్నిసార్లు?" "శానాసార్లు." నాయనమ్మ బాబాయి వంక తిరిగి, "అది నోరు లేనిది. దానికున్న మాట అది చెప్పింది. ఒకసారి కాదు, శానాసార్లు చెప్పింది. పసివాడికి ఆ మాట రాదు, తప్పు వాడిదీ కాదు. వాడికి నేర్పితే సరిపోయేదానికి దాన్ని ఊరు దాటిస్తావా?" అన్నది. బాబాయి ఏమీ అనలేదు. గోతం తెల్లారేదాకా వాకిట్లోనే పడి ఉంది. పొద్దున్నే దాన్ని పిన్నే మడిచి లోపల పెట్టింది.

ఆ సెలవులన్నీ వాడికి నేనూ నాయనమ్మా కలిసి పాఠం చెప్పాం. తోక లేస్తే రమ్మన్నట్టు, తోక కొడితే చెయ్యి తీయమన్నట్టు, తోక ఉబ్బితే దూరం పొమ్మన్నట్టు. ముందు చెయ్యి చాపి ఆగాలి, అదే వచ్చి రాసుకుంటే అప్పుడు నిమరాలి. తోక జోలికి మాత్రం పోకూడదు. పిల్లలకు ఇట్లాంటివి ఎక్కాలకన్నా తొందరగా వస్తాయి. నేను తిరిగి బస్సెక్కే నాటికి వాడు ఇరుగుపొరుగు పిల్లలకు నేర్పుతున్నాడు.

ఆ వేసవిలో ఒకరోజు ఇంటినుంచి ఫోనొచ్చింది. వాడే మాట్లాడాడు. "అక్కా, పిల్లి వచ్చింది గానీ తోక మాట్లాడట్లేదు."

ఏందిరా అంటే అదే మాట. పక్కనుంచి పిన్ని చెప్పింది: రాత్రి రోడ్డు వైపు పోయిందట, పొద్దున వచ్చి మూల పడుకుంది, దెబ్బ కనబడడం లేదు, అన్నం ముట్టలేదు, వీడేమో తోక లేవడం లేదని ఒకటే గోల. బయటికి గాయం లేకుండా తోక తాడులా వేలాడుతున్నదంటే నాకు గుండె ఝల్లుమన్నది. బండి చక్రం కిందో, తలుపు సందులోనో పడి తోక గుంజుకుపోతే తోక మొదట్లోని నరాలు సాగి దెబ్బతింటాయి. మూత్రసంచికీ మలద్వారానికీ పోయే నరాలున్నదీ అక్కడే. పిల్లి నడుస్తుంది, చూస్తుంది, కానీ మూత్రం పోయలేదు. రెండు మూడు రోజులు పట్టించుకోకపోతే లోపలి విషంతో చనిపోతుంది. ఏదో నలతలే, పడుకుంటే పోతుందనుకునేంతలో ప్రాణం పోతుంది.

బాబాయే దాన్ని తీసుకుపోయాడు. గోతంలో కాదు, మూత ఉన్న బుట్టలో, కింద చారెడు పత్తి వేసి. పశువైద్యుడు పొట్ట తడిమి, సంచి రాయిలా గట్టిపడింది, ఇవాళ తెచ్చారు గనక సరిపోయిందన్నాడట. తోక మొదట్లో గిల్లితే పిల్లి అరిచింది. స్పర్శ ఉంది గనక కోలుకునే ఆశ ఉందన్నాడు. రోజూ పొట్టను నెమ్మదిగా నొక్కి మూత్రం ఎట్లా తీయించాలో బాబాయికి చూపించాడు. ఆ పని మూడు వారాలు చేసింది ఎవరనుకున్నారు? బాబాయీ పిన్నీ, ఒకరు పట్టుకుని ఒకరు నొక్కి. నాలుగో వారంలో పిల్లి తనంతట తనే దొడ్లో మట్టి తవ్వుకున్నదని చెప్పడానికి పిన్ని రాత్రి పది గంటలకు ఫోన్ చేసింది.

ప్రాణం నిలిచింది గాని తోకకు జీవం రాలేదు. ఇప్పటికీ వెనక ఈడుస్తూనే నడుస్తుంది. దసరాకు పోయినప్పుడు నేను గంటల తరబడి దాన్నే చూశాను. ఇదివరకు దాన్ని చూసి పక్కకు తప్పుకునే ఎదురింటి గండుపిల్లి ఇప్పుడు గుర్రుమంటున్నది. దగ్గరికి వస్తున్నది స్నేహానికో కయ్యానికో దానికి అర్థం కావడం లేదేమోనని నాకనిపించింది. నమస్కారం పెట్టే చేతులు పోయినవాడు ఊళ్లోకి వచ్చినట్టుంది దాని బతుకు. మనుషుల దగ్గర మాత్రం వేరే దారులు వెతుక్కున్నది. తల తెచ్చి మోకాలికి గుద్దుతుంది. ఇదివరకు లేనంతగా అరుస్తుంది. దూరంగా కూర్చుని కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరుస్తుంది. మనం కూడా పిల్లిని చూసి అట్లా నెమ్మదిగా రెప్పలు వాలిస్తే అది తిరిగి రెప్పలు వాలుస్తుందనీ, దగ్గరికి రావడానికి ఇష్టపడుతుందనీ 2020లో ఇంగ్లండులో పరిశోధించి చెప్పారు. నాయనమ్మ అది చదవకుండానే మంచం మీద కూర్చుని దానికి రెప్పలు వాలుస్తుంటుంది.

మిత్రులారా, మెస్ గుమ్మంలో పిల్లిని పెంచుకోమనడం లేదు నేను. పరీక్ష రోజు అది ఎదురైతే ఒకసారి తోక చూడమంటున్నాను, అంతే. తోక నేలబారుగా ఉంటే దానికి మీ మార్కులతో పని లేదు, వంటింటి వెనక ఎలుకతో పని ఉంది. తోక లేచి ఉంటే అది మిమ్మల్ని పలకరిస్తున్నది. అది అపశకునం ఎట్లా అవుతుంది?

మొన్న ఇంటినుంచి బయల్దేరే రోజు సాయంత్రం, పిల్లి గోడ దూకి వాకిట్లోకి వస్తుంటే మావాడు మెట్టు మీద నిలబడి కుడిచెయ్యి నిలువుగా పైకెత్తి, వేళ్ల కొసలు కాస్త వంచి పెట్టుకున్నాడు. ఏందిరా అది అన్నాను.

"దాని తోక లేవట్లేదుగా అక్కా. అందుకని నాది లేపుతున్నా" అన్నాడు.